పచ్చ కార్డు మీద రెండో నంబరు

జులై 1, సోమవారం

కొత్త పుస్తకం. రోజూ ఒకే మాట రాస్తే చాలనుకున్నాను: ఈ రోజు కౌంటర్ దగ్గర ఎవరినీ కొట్టలేదు.

చదివితే నాకే నవ్వొస్తోంది. కానీ చెప్పుల షాపులో ఉద్యోగం ఎలా ఊడిందో మర్చిపోకూడదు. ఒకావిడ పదకొండు జతలు తొడిగించుకుని, పన్నెండోది నచ్చలేదని నా మొహాన విసిరింది. నేను అదే చెప్పు తీసుకుని... సరే, అదయిపోయింది. ఇక్కడి మేనేజర్ ఆ సంగతి తెలిసే నన్ను పనిలోకి తీసుకున్నాడు. "మూడు నెలలు చూస్తానమ్మా. గొంతు లేస్తే మాట్లాడుకుందాం. చెయ్యి లేస్తే మాత్రం అదే ఆఖరి రోజు" అన్నాడు. రెండు నెలలు పళ్లబిగువున నెట్టుకొచ్చాను. ఇంకొక్క నెల.

పిల్లల క్రీడా కేంద్రం. ఒక ఈత కొలను, ఒక స్కేటింగ్ రింకు, రెండు షటిల్ కోర్టులు. అన్నిటికీ కలిపి ఒకటే తలుపు, ఆ తలుపు దగ్గర నేను. పిల్లలతో నాకే పేచీ లేదు. వాళ్లని తెచ్చి దింపేవాళ్లతోనే నా ప్రాణం పోతోంది.

గువ్వ మళ్లీ పాలు ఒలకబోసింది. ఎనిమిదేళ్లు నిండినా నా కూతురి చేతిలో గ్లాసు నిలవదు.

జులై 2, మంగళవారం

కౌంటర్ దగ్గర ఎవరినీ కొట్టలేదు.

జులై 3, బుధవారం

ఈల నాన్నతో గొడవ. నాలుగో లేన్‌లో ఈదే పిల్ల తండ్రి అతను. కోచ్ కాదు, ఏమీ కాదు, అయినా మెడలో ఈల వేసుకుని వస్తాడు. గ్యాలరీలో కూర్చుని కూతురు మలుపు తిరిగినప్పుడల్లా ఊదుతాడు. మిగతా పిల్లలు అది మాస్టారి ఈల అనుకుని నీళ్ల మధ్యలో ఆగిపోతారు. వెళ్లి ఊదొద్దని చెప్పాను.

"నా నోరు, నా ఈల. నీకేంటమ్మా నొప్పి?" అన్నాడు.

ఆ ఈలని వాడి పళ్లతో సహా మింగించాలనిపించింది. నవ్వి, "అలాగేనండీ" అన్నాను.

పోయేటప్పుడు చూస్తే పచ్చ కార్డు తేలేదు. అది చూపించనిదే పిల్లని తలుపు దాటనివ్వను, కన్నతండ్రైనా సరే. కార్డు వెనక రెండు నంబర్లుంటాయి. మొదటిది పిల్లని తెచ్చేవాళ్లది, రెండోది వాళ్లు రాలేని రోజున పిలవాల్సినవాళ్లది. "రెండో నంబరుకి చెయ్యమంటారా?" అని అడిగితే కళ్లెర్రజేసి, ఇంటికి పోయి కార్డు తెచ్చుకున్నాడు. అరగంట పట్టింది. ఆ అరగంటా నాకు హాయిగా గడిచింది.

మా గువ్వ కార్డు మీద రెండో నంబరు వదినది. వేరే దిక్కులేక రాశాను. ఆయన ఇల్లొదిలి పోయాక ఆయన వైపు వాళ్లలో మా గడప తొక్కేది ఆయన అక్క ఒక్కతే. వచ్చినప్పుడల్లా గువ్వని దగ్గరకి లాక్కుని, కొలతలు తీసే దర్జీలా దాని చొక్కా చేతులు పైకి మడిచి చూస్తుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

కౌంటర్ దగ్గర ఎవరినీ కొట్టలేదు.

జులై 6, శనివారం

ఇలాంటి శనివారం పగవాళ్లకి కూడా వద్దు.

పొద్దున ఏడున్నరకి చిన్నపిల్లల బ్యాచ్‌లో ఎవరో కొలనులో వాంతి చేసుకున్నారు. నీళ్లు శుభ్రం చేసి, మందు కలిపి, పరీక్ష చేసేదాకా రెండు గంటలు ఎవరినీ దింపకూడదు. వచ్చే శనివారమే జట్టు ఎంపిక పోటీలు. ఆ చావు కబురు చెప్పాల్సింది నేను. నలభైమంది కౌంటర్ మీద పడ్డారు. "మా వాడు వాంతి చేసుకోలేదుగా, మా వాణ్ణి దింపండి" అంటుంది ఒకావిడ. ఎవరో నీళ్ల సీసా విసిరారు. అది నా భుజానికి తగిలి వెనక గోడ మీద పగిలింది. వరసలో ఎవరు ముందన్న దాని మీద ఇద్దరు తండ్రులు కాలర్లు పట్టుకున్నారు. ఒకడి చొక్కా గుండీలు తెగి నా కీబోర్డు మీద పడ్డాయి. "దయచేసి" అని ఎన్నిసార్లన్నానో, చివరికి ఆ మాట నాకే బూతులా వినిపించింది.

అప్పుడొచ్చాడు ఈల నాన్న. ఏమీ మాట్లాడలేదు. కౌంటర్ మీదుగా చెయ్యి చాచి, నా మెడలో గుర్తింపు కార్డు తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. గడ్డం పోయి కౌంటర్ చెక్కకి కొట్టుకుంది. నాలుక తెగింది.

"నా కూతురికి వారమే ఉంది. పోయిన రెండు గంటలూ నువ్విస్తావా?"

వెనకాల ఆ పిల్ల టోపీ, కళ్లద్దాలు పెట్టేసుకుని నేలకేసి చూస్తోంది. పదేళ్లుంటాయేమో. నా చేతికి స్టేప్లర్ అందింది. అది వాడి వేళ్ల మీద ఎక్కడ పడాలో కూడా చూసుకున్నాను. నోట్లో రక్తం మింగేసి, "తొమ్మిదిన్నరకి రండి సార్" అన్నాను.

మేనేజర్ తరవాత వచ్చి, "బాగా తట్టుకున్నావమ్మా" అన్నాడు. అవును, ఎనిమిది గంటలు తట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి గువ్వ బూట్లు గుమ్మంలో అడ్డంగా పడున్నాయి. ఎన్నిసార్లు చెప్పాలి? ఒక మనిషి ఎన్నిసార్లు చెప్పాలి?

కౌంటర్ దగ్గర ఎవరినీ కొట్టలేదు.

జులై 7, ఆదివారం

గువ్వకి ఒంట్లో బాగోలేదు. వదిన వస్తానంటే వద్దన్నాను.

జులై 8, సోమవారం

గువ్వని ఈత మాన్పించి స్కేటింగులో వేశాను. ఈతలో ఊరికే జలుబు చేస్తుంది, పైగా ఆ నీళ్లలో ఎవరెవరు వాంతి చేసుకుంటారో. స్కేటింగైతే నిండు చేతుల చొక్కా, మోచేతులకీ మోకాళ్లకీ ప్యాడ్లు. ఒళ్లంతా కప్పి ఉంటుంది. పిల్లకి భద్రం.

దాని ఎడమ మోచేతి దగ్గర కమిలి ఉంది. ప్యాడ్ కడుతుంటే ఎవరైనా చూసి అడుగుతారు. మాకు గాయాల పుస్తకం అని ఒకటుంది. ఏ పిల్లకి దెబ్బ తగిలినా తేదీ, చోటు, ఎలా తగిలింది, ఎవరు చూశారు, అన్నీ కౌంటర్లో ఉన్న మనిషే రాయాలి. "స్కేటింగులో పడింది" అని రాశాను. మొదటి రోజు ఎవరైనా పడతారు. "ఎవరు చూశారు" అన్న గడిలో అడ్డగీత గీశాను.

జులై 13, శనివారం

అక్షరాలు కుదరడం లేదు.

పోటీల్లో నాలుగో లేన్ పిల్ల మూడోస్థానంలో వచ్చింది. తీసుకునేది ఇద్దర్నే. అందరూ పైకొచ్చినా ఆ పిల్ల మాత్రం లేన్ తాడు పట్టుకుని నీళ్లలోనే ఉండిపోయింది. ఈత మాస్టారు చెయ్యిచ్చి పైకి లాగాడు.

కౌంటర్ మీద చిన్న కెమెరా తెరలో, చెప్పులూ స్కేట్లూ విడిచే వసారా కనిపిస్తుంది. శబ్దం రాదు. ఆ తెరలో ఈల నాన్న ఈత పలక తీసుకున్నాడు, పిల్లలు పట్టుకుని కాళ్లాడించే దళసరి పలక. దాంతో కూతుర్ని కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. పలక విరిగింది. విరిగిన ముక్కతో మళ్లీ మొదలెట్టాడు.

నేను పరిగెత్తేసరికే మాస్టారు "పిల్లని వదలండి, వదలండి" అంటూ మధ్యలో దూరాడు. ఈల నాన్న తలతో ఒక్క పోటు పొడిచాడు. మాస్టారి ముందు పన్ను ఊడి తడి గచ్చు మీద దొర్లుకుంటూ పోయింది. కాలుజారి పడ్డ మనిషిని డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. మాస్టారు చేత్తో నోరు మూసుకుంటే వేళ్ల సందుల్లోంచి రక్తం కారింది.

నా చేతిలోకి స్కేట్ ఎలా వచ్చిందో తెలియదు. చక్రాల వైపు కిందికి తిప్పి పైకెత్తాను. వాడి నడినెత్తి జానెడు దూరంలో ఉంది. ఇక్కడైనా నిజం రాసుకోవాలి. నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది.

అప్పుడా పిల్ల చూసింది. తండ్రిని కాదు, నా చేతిని. చూసి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని, మోచేతులు దగ్గరికి లాక్కుని గోడ మూలకి ముడుచుకుపోయింది. అలా ముడుచుకునే తీరు నాకు బాగా తెలుసు. ఎక్కడ చూశానో గుర్తు రావడం లేదు.

స్కేట్ కింద పెట్టేశాను. నలుగురు వచ్చి వాణ్ణి పట్టుకున్నారు. మాస్టారిని ఆస్పత్రికి తీసుకెళ్లారు. పోలీసులొచ్చి, రాసుకుని, దెబ్బతిన్న మనిషి తిరిగొచ్చాక చూద్దామని వెళ్లిపోయారు.

తరవాత ఈల నాన్న మొహం కడుక్కుని, తల దువ్వుకుని, కౌంటర్ దగ్గరకొచ్చి పచ్చ కార్డు పెట్టాడు. కార్డు సరిగ్గానే ఉంది. ఫోటో ఉంది, సంతకం ఉంది. పిల్లని ఇచ్చేశాను. ఆ పిల్ల తలుపు దాటుతూ "థాంక్యూ ఆంటీ" అంది. అలా చెప్పాలని మేమే నేర్పుతాం.

కౌంటర్ దగ్గర ఎవరినీ కొట్టలేదు.

జులై 14, ఆదివారం

పిల్లని ఇచ్చేశాను.

జులై 16, మంగళవారం

నాలుగో లేన్ పిల్ల వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లకి కట్టు. "కారు తలుపులో పడ్డాయి" అని తండ్రి చెప్పాడు, నేను అడక్కముందే.

మేనేజర్ గదిలోకి వెళ్లాను. వాణ్ణి ఇంకా ఎందుకు రానిస్తున్నారని అడిగితే, "వాణ్ణి కౌంటర్ దాటి లోపలికి రానివ్వట్లేదుగా. పిల్లని కూడా మానిపిస్తే ఇక దానికి ఇల్లొక్కటే మిగులుతుందమ్మా" అన్నాడు. అదీ నిజమే. అయినా నాకు కడుపు మండిపోయింది.

"అయితే ఒక రూలు పెట్టండి సార్. పిల్ల ఒంటి మీద కారణం తెలీని దెబ్బ కనిపిస్తే, ఆ రోజు తెచ్చినవాళ్ల చేతికి ఇవ్వొద్దు. రెండో నంబరుకి ఫోన్ చేద్దాం. పిల్లల రక్షణ ఆఫీసుకి కబురు పెడదాం."

"తెచ్చినవాళ్లు ఊరుకుంటారా?"

"గుంజడానికి నా మెడ ఉందిగా."

"మంచివాళ్లు, మనకి బాగా కావలసినవాళ్లు అయితేనో?"

"ఎవరైనా సరే."

ఆయన సొరుగులోంచి తెల్లకాగితం తీసి నా ముందు పెట్టాడు. "సరే, రాసి అంటించు" అన్నాడు.

నా చేత్తోనే రాశాను, పెద్ద అక్షరాలతో. శనివారం గొడవ తరవాత కౌంటర్‌కి బిగించిన అద్దానికి అంటించాను. చివర "ఎవరైనా సరే" కింద రెండు గీతలు గీశాను. ఈ ఉద్యోగంలో చేరాక నేను చేసిన మొదటి మంచి పని ఇది.

జులై 20, శనివారం

పట్టేశాం!

పొద్దున ఈత దుస్తులు వేసుకున్నప్పుడు నాలుగో లేన్ పిల్ల వీపు మీద వాతలు కనిపించాయి. బెల్టువి. మాస్టారు బోసిపోయిన నోటితో నా దగ్గరకొచ్చి చెప్పాడు. నేను పుస్తకంలో రాశాను, రెండో నంబరుకి చేశాను. ఆ పిల్ల అమ్మమ్మది. వస్తున్నానంది, ఇంకేమీ అడగలేదు. ఆఫీసుకీ, పోలీసులకీ మేనేజర్ చేశాడు.

ఈల నాన్న కార్డు పెట్టాడు. "ఈ రోజు మీకు ఇవ్వం సార్" అన్నాను. కాగితం చూపించాను. చదివాడు. చదవడం అయ్యాక పిడికిలితో అద్దాన్ని గుద్దాడు. అద్దం పగిలి నా ఒళ్లో పడింది. రెండోసారి గుద్దాడు. వాడి మణికట్టు చీరుకుని రక్తం నా మొహం మీద చిమ్మింది. పగిలిన కంతలోంచి చెయ్యి దూర్చి నా జుట్టు పట్టుకున్నాడు. "నా పిల్ల, నా ఇష్టం! చంపుకుంటా, నీకెందుకే!" అని అరిచాడు. పోలీసులు వచ్చి వేళ్లు ఒక్కొక్కటీ విప్పేదాకా నా జుట్టు వదల్లేదు. నేను చేతులు రెండూ ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. అరచేతుల్లో గాజు ముక్కలు గుచ్చుకున్నా తీయలేదు. తీయబోతే చేతులు పైకి లేస్తాయని.

అమ్మమ్మ ఇంట్లో చెప్పులతోనే పరిగెత్తుకొచ్చింది. పిల్ల ఆవిడ నడుములో మొహం దాచుకుంది. ఆ తండ్రిది మనిషి పుట్టుకేనా? సొంత పిల్లని అలా ఎలా కొట్టబుద్ధేస్తుంది?

ఇంటికొచ్చి గువ్వకి చెప్పాను, మీ అమ్మ ఇవాళ ఒక పిల్లని కాపాడిందని. అది హోంవర్క్ చేసుకుంటూ తల ఎత్తలేదు. అంత చెబుతున్నా తల ఎత్తలేదు.

కౌంటర్ దగ్గర ఎవరినీ కొట్టలేదు.

జులై 21, ఆదివారం

నేను నెట్టానంతే. మంచం కోడు అక్కడ ఉంటుందని నాకేం తెలుసు.

జులై 22, సోమవారం

కొత్త అద్దం బిగించారు. కాగితం మళ్లీ అంటించాను.

గాయాల పుస్తకంలో రాశాను. గువ్వ, వీపు, స్కేటింగులో పడింది. ఇది మూడోసారి. ఆ పిల్ల కాళ్లు నేల మీద ఆనవు, పడక ఏమవుతుంది.

జులై 24, బుధవారం

స్కేటింగ్ టీచర్ కౌంటర్ ముందు నుంచి పోతూ, "మీ గువ్వ ఎంత బాగా చేస్తోందో తెలుసా అక్కా? ఒకసారి వచ్చి చూడండి" అంది. తీరికెక్కడిది. మూడు నెలలు నిండటానికి వారం రోజులే ఉంది.

జులై 27, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండింటికి స్కేటింగ్ బ్యాచ్ అయిపోయింది. వసారా బల్ల మీద గువ్వ ప్యాడ్లు విప్పుకుని కూర్చుంది. టీచర్ నా దగ్గరకొచ్చింది. మొన్న మొన్నే చదువు ముగించిన పిల్ల, గట్టిగా మాట్లాడటమే రాదు.

"అక్కా, గాయాల పుస్తకం ఒకసారి ఇస్తారా?"

ఇచ్చాను. పేజీలు తిప్పింది. ఒకచోట వేలు పెట్టింది, ఇంకోచోట, ఇంకోచోట.

"మూడుసార్లూ స్కేటింగులో పడిందని ఉంది."

"పడుతుందిగా, చిన్నపిల్ల."

"పడదక్కా. మీ గువ్వ నా క్లాసులో ఇంతవరకు ఒక్కసారి కూడా పడలేదు. మా బ్యాచ్‌లో పడనిది అదొక్కతే. పడితే బట్టలు మాస్తాయి, అమ్మ తిడుతుంది అంటుంది." ఆమె పుస్తకం మూసి కౌంటర్ మీద పెట్టింది. "ప్యాడ్లు విప్పుతుంటే చొక్కా పైకి లేచింది. వీపు చూశాను. మేనేజర్‌కి ఇంకా చెప్పలేదు, ముందు మీకు చెబుదామని."

నా చెయ్యి లేచింది. కౌంటర్ దగ్గరే, పదిమంది ముందు. నిన్నగాక మొన్న వచ్చినదానివి నువ్వెవతివే నాకు చెప్పడానికి అనబోయాను. ఆ అమ్మాయి వెనక్కి జరగలేదు. ఆమె భుజం పక్క నుంచి వసారా కనిపిస్తోంది. బల్ల మీద గువ్వ నా చేతిని చూసింది. రెండు చేతులూ తల మీద పెట్టుకుని, మోచేతులు దగ్గరికి లాక్కుని, గోడ వైపుకి ముడుచుకుంది.

ఎక్కడ చూశానో గుర్తొచ్చింది.

చెయ్యి దించాను. ఎదురుగా కొత్త అద్దం మీద నా అక్షరాలున్నాయి. నా వైపు నుంచి తిరగబడి కనిపిస్తున్నా ఆ రెండు గీతలు తెలుస్తూనే ఉన్నాయి. ఆ అమ్మాయిని బతిమాలితే ఊరుకునేదేమో. నాలుగు రోజులాగితే ఉద్యోగం ఖాయమయ్యేది. అదంతా ఒక్క క్షణంలో లెక్కవేశాను, వేశానని రాస్తున్నాను.

సంచిలోంచి గువ్వ పచ్చ కార్డు తీశాను. మొదటి నంబరు నాది. పిల్లని పొద్దున తెచ్చింది నేనే. రెండో నంబరుకి చేశాను.

"పిల్లల క్రీడా కేంద్రం నుంచి మాట్లాడుతున్నానండీ. మీ మేనకోడల్ని తీసుకెళ్లడానికి మీరు రావాలి."

"నీ గొంతులా ఉందేమిటే?" అంది వదిన. "ఏమైంది? తల్లి లేదా అక్కడ?"

"ఉంది. ఆవిడ చేతికి ఇవ్వకూడదండీ."

ఫోన్లో తాళాల చప్పుడు వినిపించింది. తరవాత "వస్తున్నా" అంది.

పుస్తకం తెరిచి రాశాను. పిల్ల: గువ్వ. చోటు: ఇల్లు. ఎలా తగిలింది: తల్లి కొట్టింది. ఎవరు చూశారు: నేను. పాత మూడు వరసలూ కొట్టేసి, పక్కన అబద్ధం అని రాసి సంతకం పెట్టాను. పుస్తకం టీచర్ చేతికిచ్చి మేనేజర్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను.

వదిన వచ్చింది. నేను గువ్వ కార్డు ముందు పెట్టుకుని, ఫోటో చూసి, సంతకం పెట్టించుకున్నాను. ఆవిడ చీవాట్లు పెడితే బాగుండును. గువ్వ చెయ్యి పట్టుకుంది. అది తలుపు దగ్గరదాకా వెళ్లి, అత్త చెయ్యి వదలకుండానే వెనక్కి తిరిగింది.

"అమ్మా, పొద్దున బూట్లు గుమ్మంలోనే వదిలేశాను. నువ్వొచ్చేలోపు అత్తా నేనూ వెళ్లి తీసేయనా?"

"వద్దు" అన్నాను. ఇంకేదో అనాలి. కౌంటర్ ముందు ఎవరో కార్డు పట్టుకుని నిలబడ్డారు. తీసుకున్నాను.

జులై 28, ఆదివారం

మేనేజర్ పుస్తకం చదివి, మూసి, సోమవారం మాట్లాడదామన్నాడు. పిల్లల రక్షణ ఆఫీసువాళ్లు రేపు వదిన ఇంటికీ, తరవాత ఇక్కడికీ వస్తారట. అడిగినవన్నీ చెబుతాను. నన్ను ఎన్నాళ్లు దూరంగా ఉండమంటే అన్నాళ్లు ఉంటాను. ఉండగలనో లేదో తెలియదు.

బూట్లు గుమ్మంలో అడ్డంగానే ఉన్నాయి. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాటుతున్నాను. చాలా చిన్న బూట్లు.

ఈ రోజు ఎవరినీ కొట్టలేదు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.